ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (1893 నవంబరు 8 – 1964 నవంబరు 25) ఇరవయ్యవ శతాబ్దపు కర్ణాటక సంగీత వయొలిన్ విద్వాంసులలో అగ్రగణ్యుడు. ఆంధ్రదేశంలో ఆయనను ఫిడేలు నాయుడుగారు అని పిలిచేవారు. పక్కవాద్యంగా మాత్రమే వినిపిస్తూ వచ్చిన వయొలిన్‌కు కచేరీలో ప్రధానవాద్య స్థానం కల్పించినవారిలో ఆయన ముఖ్యుడు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడుగా, తరువాత ప్రధానాచార్యుడుగా పనిచేసి, సంగీత విద్యార్థుల సాధనకు ఒక క్రమాన్ని చూపించారు.

బాల్యం

నాయుడుగారు బెంగుళూరులో దీపావళి నాడు జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారిగా పనిచేశారు. తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. అన్నగారైన వెంకటకృష్ణయ్యే ఆయనకు తొలి వయొలిన్ గురువు. చిన్నతనంనుండే చూపు మందంగా ఉండడంవలన బడిచదువు సవ్యంగా సాగలేదు. పుస్తకం చదవడం కష్టమైన బాలునికి చెవే ఆధారమయింది. విన్నదానిని మనసులో నిలుపుకొని, చేతికి వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ వాయించడం ఆయనకు అలవాటయింది. వయొలిన్ ఇరవై నాలుగు మెట్లున్న వీణ వంటిది కాదు. దానిపై స్వరస్థానాన్ని చూపే గుర్తు ఏదీ ఉండదు. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతి పలుకుతుంది. కనుక ఈ వాద్యానికి కంటికన్నా చెవి అవసరం. ఆ విధంగా చూస్తే బాల్యంలో ఎదురైన లోపమే ఆయనను ఈ వాద్యానికి దగ్గర చేసిందనుకోవచ్చు.

విజయనగరంలో

విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాలను స్థాపించారు. ఆస్థానోద్యోగి చాగంటి జోగారావు కుమారుడు అంధుడు కావడంతో, అతనికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచననుండే ఈ కళాశాల పుట్టిందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దీనికి మొదటి ప్రధానాచార్యుడు. వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్ళారనీ, ఆయన వాద్యం విన్న పెద్దలు విద్యార్థిగా కాక ఆచార్యునిగానే నియమించారనీ ప్రతీతి. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరవ ఏట. 1936లో నారాయణదాసు తరువాత ప్రధానాచార్య పదవి చేపట్టారు.

ఈ నియామకాన్ని ఒక ఉద్యోగంగా మాత్రమే చూడరాదు. అంతవరకు సంగీతవిద్య ప్రధానంగా గురుకులవాసంలో సాగేది. శిష్యుడు గురువుగారి ఇంట ఏళ్ళతరబడి ఉండి, సేవ చేస్తూ, ఆయన సాధనను వింటూ తన సాధనను దిద్దుకొనేవాడు. ఎప్పటికి ఏది రావాలన్న గడువు ఉండేది కాదు. కళాశాల వచ్చాక పాఠానికి గంట, చదువుకు ఇన్ని సంవత్సరాలు, చివర పరీక్ష అన్న పద్ధతి వచ్చింది. గురువు ఎదుట గడిపే కాలం తగ్గిపోయి, మిగిలిన సాధన విద్యార్థి ఒంటరిగా చేసుకోవలసి వచ్చింది. ఆ ఒంటరి సాధనలో ఏది లక్ష్యంగా పెట్టుకోవాలి, అది సిద్ధించినట్లు ఎలా తెలుసుకోవాలి అన్నది కళాశాల ఆచార్యులకు ఎదురైన కొత్త ప్రశ్న.

సాధన పద్ధతి

కర్ణాటక సంగీతంలో ఈ ప్రశ్నకు పునాది సమాధానం పూర్వమే ఉంది. పురందరదాసు (1484–1564) ఏర్పరచారని చెప్పే అభ్యాసక్రమంలో మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆపైన గీతాలు వరుసగా వస్తాయి. తరువాతి కాలంలో వీటికి వర్ణాలు తోడయ్యాయి. ప్రతి వరుసనూ మూడు కాలాలలో అభ్యసించాలి. రెండవ కాలం మొదటిదానికి రెట్టింపు, మూడవది నాలుగు రెట్లు. ఇందులో తాళం మారదు, లెక్క మాత్రమే మారుతుంది. పైకి చిన్న పిల్లల పాఠంగా కనిపించే ఈ ఏర్పాటులో సాధకుడు తనను తాను కొలుచుకొనే సాధనం ఉంది. మొదటి కాలంలో నిలకడగా పలికిన ధైవతం మూడవ కాలంలోనూ అదే స్థానంలో పలికితే ఆ వరుస వచ్చినట్లే. జారిపోతే మళ్ళీ మొదటి కాలానికి వెళ్ళవలసిందే. సాధారణంగా విద్యార్థులు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వేగం రాగానే పాఠం వచ్చిందనుకొని ముందుకు వెళ్ళిపోతారు.

వయొలిన్ విద్యార్థికి దీనికితోడు కమాను సాధన ఉంటుంది. ఒక్క స్వరాన్ని కమాను మొదలునుండి కొసవరకు వణకకుండా, నాదం తగ్గకుండా లాగడం నేర్వాలి. ఆపైన ఒక కమానులో రెండు స్వరాలు, తరువాత నాలుగు పలికించాలి. నాయుడుగారి వాద్యానికి ప్రత్యేకతను తెచ్చినది ఈ పొడవైన కమానే. పాశ్చాత్య వయొలిన్ పద్ధతినికూడా ఆయన శ్రద్ధగా పరిశీలించి, నాదపుష్టికి పనికివచ్చే అంశాలను గ్రహించారు. అయితే గమకాన్ని, గాత్రధర్మాన్ని విడిచిపెట్టలేదు. తంత్రిపై పలికే కీర్తనలో సాహిత్యం వినిపించినట్లు తోచేదని ఆ తరంవారు చెప్పుకొనేవారు.

సంగీతసాధనను ఆయన తపస్సుగా భావించారు. ఒకరిని మించాలన్న పోటీకి ఆయన వాద్యంలో చోటు లేదు. ఆయన రచించిన వ్యాసాలలో తంబురా విశిష్టతను వివరించినది పేరుపొందింది. వాద్యకారుడు తంబురా గురించి వ్రాయడంలో ఆశ్చర్యం లేదు. ఒంటరిగా సాధన చేసే విద్యార్థికి గురువు లేని వేళ తప్పును తెలియజెప్పేది ఆ నాదమొక్కటే. కోస్తా జిల్లాలలో నేడు చాలా ఇళ్ళలో ఆ పని యంత్ర శ్రుతిపెట్టె చేస్తున్నది.

కచేరీలు

అరియక్కుడి రామానుజ అయ్యంగారు వంటి మహావిద్వాంసులకు ఆయన పక్కవాద్య సహకారం అందించారు. 1938లో వెల్లూరులో తొలి ఏకవాద్య కచేరీ చేశారు. నలభై అయిదేళ్ళ వయసులో, ఆచార్యుడుగా దాదాపు రెండు దశాబ్దాలు గడిచాక ఈ అడుగు వేయడం గమనింపదగినది. గ్రామఫోను రికార్డులు, ఆకాశవాణి ప్రసారాలు ఆయన వాద్యాన్ని సంగీతసభలకు వెళ్ళలేని సామాన్యులకు చేర్చాయి. 1952లో మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నారు ఇంట ప్రసిద్ధ పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యాడు. అదే సంవత్సరం ఢిల్లీలో అంధుల సహాయార్థం ఒక కచేరీ చేశారు. అంధుడైన ఒక బాలుని కోసం వెలసిందని చెప్పే కళాశాలలో జీవితమంతా బోధించిన మనిషి, తానూ చూపు చాలనివాడు, ఆ కచేరీ చేయడం సహజంగానే ఉంది.

శిష్యులు, గౌరవాలు

కుమార్తె ద్వారం మంగతాయారు తండ్రివద్ద వయొలిన్ నేర్చి విదుషీమణిగా పేరు పొందారు. నూకల చినసత్యనారాయణ ఆయనవద్ద శిక్షణ పొందినవారే. నేదునూరి కృష్ణమూర్తికి ఇదే కళాశాలలో ద్వారం నరసింగరావు నాయుడు, గాయని పి.సుశీలకు నాయుడుగారి కుమారుడు ద్వారం భావనారాయణ గురువులు. ఒకే ఇంటిపేరు ఆ కళాశాలలో తరాలపాటు వినిపించింది.

మద్రాసు సంగీత అకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదుతో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో ఆయనను గౌరవించాయి. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.