చేతులు కడుక్కోమన్న వైద్యుడు

సత్యాన్ని కనుగొనడం ఒక ఎత్తు; దానిని తోటివారి చేత ఆచరింపజేయడం మరొక ఎత్తు. మొదటిదానికి మేధ చాలు. రెండవదానికి మేధతోపాటు ఓర్పు, మాటనేర్పు కూడ కావాలి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతటిదో హంగరీ దేశీయుడైన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ జీవితం మనకు విశదం చేస్తుంది.

ఆయన 1818 జూలై 1న బుడా నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. న్యాయశాస్త్రం చదువ వియన్నా వెళ్ళి, వైద్యవిద్య వైపు మరలి, 1844లో పట్టభద్రుడయ్యాడు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో ఆచార్య క్లైన్‌కు సహాయకుడుగా చేరాడు.

ఆ ఆసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో 4,010 ప్రసవాలు జరుగగా 459 మంది తల్లులు మరణించారు. రెండవదానిలో 3,754 ప్రసవాలకు మరణాలు 105 మాత్రమే. ఈ భేదం ఊరి స్త్రీలకు సైతం తెలుసు. తమను మొదటి విభాగంలో చేర్చవద్దని వారు మోకరిల్లి వేడుకొనేవారు. కారణం సూతికా జ్వరం. గాలి దోషమని కొందరు, రోగుల రద్దీ అని కొందరు సరిపెట్టుకొన్నారు. అయితే గాలి రెండు విభాగాలకూ ఒక్కటే. రద్దీ రెండవదానిలోనే ఎక్కువ!

1847 మార్చిలో ఆయన మిత్రుడు, ఆచార్యుడు కొలెట్ష్కా మరణించాడు. శవపరీక్ష జరుగుతుండగా ఒక విద్యార్థి చేతి కత్తి ఆయన వ్రేలికి గ్రుచ్చుకొన్నది. ఆ మరణంలో కనిపించిన లక్షణాలు బాలింతల మరణాలలో కనిపించినవే. సెమ్మెల్‌వైస్‌కు చిక్కు విడిపోయింది. వైద్యులు, విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. మంత్రసానులకు శవాలతో పని లేదు.

1847 మే నెల మధ్యలో ఆయన ఒక నియమం విధించాడు. బ్లీచింగు పొడి కలిపిన నీటితో చేతులు కడుక్కొననిదే ఎవరూ వార్డులో అడుగుపెట్టరాదు. ఏప్రిల్‌లో నూటికి 18 వరకు ఉన్న మరణాలు జూన్ నాటికి సుమారు రెండుకు దిగాయి. 1848 సంవత్సరం మొత్తం మీద 3,556 ప్రసవాలకు మరణాలు 45 మాత్రమే.

ఇంతటి ఫలితం కండ్లెదుట ఉండగా సహోద్యోగులు ఎందుకు పెడమొగం పెట్టారు? కారణాలు లేకపోలేదు. ఆ నీటి వాసన ఘాటైనది, చర్మం మండేది. కష్టం వైద్యునిది, లాభం రోగిది. పైగా ప్రాణం పోసే చేయే ప్రాణం తీస్తున్నదని ఒప్పుకోవడం ఎంతటి పెద్దమనిషికైనా దుర్భరం. సూక్ష్మజీవులు రోగం కలిగిస్తాయన్న సంగతి ఇంకా లోకానికి తెలియదు కనుక, ఎందుకు అన్న ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానం ఆయన వద్ద లేదు.

కాని లోపం ఒక్కవైపే లేదు. ఆయన ఆజ్ఞాపించినంతగా బోధించలేదు. తన పరిశోధనను గురించి తాను వ్రాయక మిత్రులకు విడిచిపెట్టాడు. హెబ్రా అనే మిత్రుడు దానిని జెన్నర్ కనుగొన్న టీకాతో పోల్చి ప్రకటించాడు. 1849లో క్లైన్ ఆయన పదవీకాలాన్ని పొడిగించలేదు. 1850లో వియన్నా వైద్యుల సభలో ప్రసంగించి, కొంత మద్దతు కూడగట్టుకొనే వేళ, మిత్రులకైనా చెప్పకుండా నగరాన్ని విడిచాడు.

పెస్ట్ నగరంలోని సెయింట్ రోకస్ ఆసుపత్రిలో 1851 నుండి 1857 వరకు ఆయన పర్యవేక్షణలో 933 ప్రసవాలు జరుగగా, సూతికా జ్వరంతో మరణించినవారు ఎనమండుగురే. అయినను 1861 వరకు ఆయన గ్రంథం వెలువడలేదు. వెలువడిన తరువాత అంగీకరించని ఆచార్యులను హంతకులని నిందిస్తూ బహిరంగ లేఖలు వ్రాశాడు. ఆ కోపం తల్లులపై జాలి నుండి పుట్టినదే. కాని నిందలు విన్నవాడు తన గౌరవాన్ని కాపాడుకో జూచునే గాని చేతులు కడుక్కో జూడడు.

తుదకు ఆయన మనస్సు చెదిరింది. 1865లో ఆయనను వియన్నాలోని మానసిక చికిత్సాలయానికి చేర్చారు. రెండు వారాలలో, ఆగస్టు 13న, గాయం విషమించి, రక్తం కలుషితమై మరణించాడు. నలుబది ఏడేండ్ల వయస్సు! ఏ విషాన్ని తల్లుల నుండి దూరం చేయజూచాడో అటువంటి విషమే ఆయనను బలిగొన్నది. మరి రెండేండ్లకు, 1867లో, లిస్టర్ శస్త్రచికిత్సలో క్రిమినాశకాల ఉపయోగాన్ని ప్రకటించాడు. పాశ్చర్ కృషితో సూక్ష్మజీవుల సిద్ధాంతం బలపడింది. 1969 నుండి బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయం సెమ్మెల్‌వైస్ పేరుతోనే వెలుగుతున్నది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఉపాధ్యాయులు, కొందరు అధికారులు కాగలరు. తోటివారికి ఒక కొత్త పని నేర్పవలసిన దినం వస్తుంది. వారికి దానిపై ఆసక్తి ఉండదు. ఆనాడు సెమ్మెల్‌వైస్ వలె లెక్కలు చూపండి. కాని ఆయన చేయలేకపోయిన దానిని కూడ చేయండి. కారణం విడమరచి చెప్పండి, సకాలంలో వ్రాసి పెట్టండి, వారి అభిమానాన్ని గాయపరచకండి. మీరే నేర్చుకొనే స్థానంలో ఉంటే, చెప్పేవాని కటుత్వాన్ని కాక లెక్కలను చూడండి. వియన్నా ఆచార్యులు లెక్కలను చూడలేదు. సెమ్మెల్‌వైస్ వారి మనస్సును చూడలేదు. ఇరువురి నడుమ ప్రాణాలు కోల్పోయినవారు తల్లులు.