మనిషి కాపలా లేని గేటు

సెప్టెంబర్ 15 వస్తే మన కాలేజీలో ఒక ఫోటో, ఒక దండ, నాలుగు స్పీచ్‌లు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి క్రమశిక్షణ గురించి ప్రతి ఏడూ వింటాం కాబట్టి అది వదిలేస్తున్నా. నాకు నచ్చింది ఆయన చేసిన ఒక గేటు. మాది సీఎస్‌ఈ. అయినా మెకానికల్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో ఫ్యూజన్ 360 పట్టుకుని వారం రోజులు ఆ గేటుతోనే గడిపాను.

ముందు మనిషి గురించి. పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో, 1860లో (1861 అని కూడా కొన్ని చోట్ల ఉంటుంది). కానీ ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం మన గిద్దలూరు దగ్గరి ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. తండ్రి చిన్నప్పుడే పోయారు. బెంగళూరులో బీఏ, పుణెలో ఇంజనీరింగ్, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీర్.

ఇక గేటు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్ ఉంది. ఊరికి తాగునీరు, కాలవలకి సాగునీరు దాన్నుంచే. వానాకాలంలో అలుగు మీదుగా బోలెడు నీళ్లు పోయేవి. ఆపాలంటే కట్ట ఎత్తు పెంచాలి. అంటే బోలెడు ఖర్చు, పాత గోడ మీద కొత్త భారం. ఆయన కట్ట జోలికి పోకుండా అలుగు మీద గేట్లు పెట్టారు. 1903లో. సుమారు 8 అడుగుల నీళ్లు ఎక్కువ నిలిచాయి. అసలు విషయం ఏంటంటే, ఆ గేట్లు తిప్పడానికి మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టం దాటితే వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. పేటెంట్ తీసుకున్నారు గానీ, సర్కారు జీతం మీద చేసిన పని కదా అని రాయల్టీ వద్దన్నారు. తర్వాత ఇదే పద్ధతి గ్వాలియర్ దగ్గర తిగ్రాకి, మైసూరు కృష్ణరాజసాగర్‌కి వెళ్లింది.

నేను చేసింది ఆయన డ్రాయింగ్ కాదు, ఆ ఐడియాకి ఒక బుల్లి వెర్షన్. ఫ్యూజన్‌లో జాయింట్ పెట్టడం అంటే ఒక పార్ట్‌కి ఏ కదలిక ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పడమే. ఊరికే వదిలేసిన వస్తువుకి ఆరు రకాల కదలికలు: మూడు దిక్కుల్లో జరగడం, మూడు ఇరుసుల చుట్టూ తిరగడం. గేటుకి స్లైడర్ జాయింట్ ఇస్తే ఒక్క పైకీ కిందకీ తప్ప అన్నీ పోతాయి. కప్పీకి రివల్యూట్, అంటే తిరగడం ఒక్కటే. పక్కన చిన్న బావి, అందులో బరువైన ఫ్లోట్, దానికి ఇంకో స్లైడర్. గొలుసు బదులు మోషన్ లింక్: ఫ్లోట్ ఎంత పైకి పోతే గేటు అంత కిందకి. చివరగా రెండిటికీ లిమిట్స్.

బావి ఎండి ఉన్నప్పుడు ఫ్లోట్ బరువే గేటుని పైకి లాగి పట్టుకుంటుంది. చెరువు నిండి నీళ్లు అంచు దాటి బావిలోకి పడగానే ఫ్లోట్ తేలుతుంది, గేటు కిందకి దిగుతుంది, వరద దాని మీదుగా పోతుంది. బావి అడుగున చిన్న కన్నం. పైనుంచి నీళ్లు రావడం ఆగితే బావి ఖాళీ, ఫ్లోట్ కిందకి, గేటు పైకి. మా బ్రాంచ్ భాషలో ఇది ఒక ఇఫ్ కండిషన్ అన్నమాట. సెన్సర్ లేదు, కరెంటు లేదు, కోడ్ లేదు.

స్క్రీన్ మీద మౌస్‌తో లాగితే ఎంత స్మూత్‌గా కదులుతుందో! కానీ ఆ జాయింట్లకి బరువు తెలీదు. తుప్పు తెలీదు, గొలుసులో ఇరుక్కున్న కొమ్మ తెలీదు. ఆయనకి డ్రై రన్ అనే అవకాశమే లేదు. ఇనుముతో పోసి, నిజం వానాకాలంలో, కింద పుణె ఉండగా పెట్టారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్ మీద పడింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని ఇప్పటికీ చెప్తారు. ఆ ఏడే విశ్వేశ్వరయ్య గారు బొంబాయి ఉద్యోగం వదిలి విదేశాలు తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం పిలిచింది. 1909 ఏప్రిల్‌లో వచ్చారు, అక్టోబర్‌కల్లా రిపోర్ట్ ఇచ్చేశారు. నగరంలో నది గోడలు పెంచితే సరిపోదు, సమస్య పైన ఉందని ఆయన లెక్క. ఎగువన వందల చెరువులు, వాటిలో రెండు వందలకు పైగా ఆ వరదలో తెగిపోయాయి. అందుకే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద రిజర్వాయర్లు కట్టాలన్నారు. వరద వచ్చినప్పుడు పట్టుకుని, ఊళ్లో నది మోయగలిగినంతే వదలాలి. ఆయన కట్టలేదు, మైసూరు చీఫ్ ఇంజనీర్‌గా వెళ్లిపోయారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

మైసూరులో 1912 నుంచి దివాన్. 1918లో వదిలేశారు. వెనుకబడిన వర్గాలకి ఉద్యోగాల్లో కోటా ఇవ్వాలన్న ఆలోచన ఆయనకి నచ్చలేదు. సెప్టెంబర్ 15 స్పీచ్‌లలో ఇది రాదు. నీళ్ల విషయంలో అంత దూరం చూసిన మనిషి ఇక్కడ చూడలేకపోయారని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. భారతరత్న 1955లో, మరణం 1962లో, వందేళ్లు దాటాక.

వరదని ఆపే చెరువు ఖాళీగా ఉండాలి, తాగునీటి చెరువు నిండుగా ఉండాలి. గండిపేట రెండూ చేయాలి. మన హైటెక్ సిటీ నుంచి కోకాపేట దాటితే అదే చెరువు. నా మోడల్‌లో చెరువులోకి ఎన్ని నీళ్లు వస్తాయో నేనే టైప్ చేస్తాను. నిజంగా అయితే అది పైన నేల ఎంత కాంక్రీట్ అయిందో దాన్ని బట్టి ఉంటుంది. ఆ నేలని కాపాడటానికే రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 1996లో జీవో 111 వచ్చింది. 2020 అక్టోబర్ వానలకి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు, కింద మూసీ పొంగింది. 2022లో ఆ జీవో ఆంక్షలు తీసేస్తూ ఇంకో జీవో ఇచ్చారు.