పెట్టెలో మనిషి, పెట్టెలో గొంతు

మా నాన్నమ్మకి నీటికాసులు. ఎడమ కన్ను నేను ఇంటర్‌లో ఉన్నప్పుడే పోయింది. కుడికంటిలో మిగిలిన కాస్త చూపూ నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా పోయింది. అప్పట్నుంచి ఆవిడకి అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది టైమ్. తెల్లారిందో లేదో తెలీదు. ఒకసారి రాత్రి రెండింటికి లేచి, తెల్లవారుజాము అనుకుని, కాఫీకి స్టవ్ వెలిగించింది. అమ్మ లేచి చూసేసరికి పాలు పొంగి స్టవ్ ఆరిపోయి, గ్యాస్ వాసన వస్తోంది.

ఆ సెలవుల్లోనే హాల్లో ఉన్న పాత కంప్యూటర్‌లో టైమ్ చెప్పే ప్రోగ్రామ్ ఒకటి రాశా. స్పేస్ బార్ నొక్కితే అప్పటి టైమ్ పైకి చెప్పాలి. కీబోర్డ్‌లో అన్నిటికన్నా పొడుగు మీట అదే కాబట్టి నాన్నమ్మ తడుముకుని పట్టుకోగలదు.

లాజిక్ చాలా తేలిక. సిస్టమ్ గడియారం నుంచి గంట, నిమిషం తీసుకోవడం, వాటికి సరిపోయే మాటల ఫైళ్ళు వరసగా ప్లే చేయడం. చిక్కంతా తెలుగులో ఉంది. ఒకటి గంట అనం, ఒంటిగంట అంటాం. ఏడు గంటలు అంటాం గానీ పక్కన నిమిషాలు వస్తే ఏడు గంటల అవుతుంది. ఒక నిమిషం వేరు, ఇరవై ఒక్క నిమిషాలు వేరు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కూడా కలిపితే మొత్తం 33 ముక్కలు తేలాయి. అన్నీ నా గొంతుతోనే రికార్డు చేశా. పని చేసింది, కానీ వినసొంపుగా లేదు. రాత్రి, ఏడు, గంటల, నలభై, ఐదు, నిమిషాలు అని ఆరుగురు మనుషులు తలో మాట అరిచినట్టు ఉంది. ముక్కల మధ్య ఖాళీ తగ్గిస్తే మాటలు ఒకదాన్నొకటి తొక్కుకునేవి. పైగా పదకొండు రికార్డు చేసిన రోజు నాకు జలుబు. రోజూ పదకొండింటికి నాన్నమ్మ నా జలుబు తగ్గిందా అని అడిగేది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తప్పు తర్వాత చేశా. కాలేజీ ఎక్స్‌పోలో అదే ప్రోగ్రామ్ పెట్టి, కంప్యూటర్ తనంతట తానే తెలుగు మాట్లాడుతుందని పోస్టర్ వేశా. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఫస్టియర్ అమ్మాయి ఒకామె మాత్రం తన పేరు పలికించమంది. 33 ముక్కల్లో ఆ పేరెక్కడ దొరుకుతుంది? ఆ మాడ్యూల్ ఇంకా పూర్తి కాలేదని చెప్పా. అసలు అలాంటి మాడ్యూలే లేదు. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టక, యంత్రాలు నిజంగా మాట్లాడటం ఎలా మొదలైందా అని వెతుకుతుంటే ఒకాయన తగిలాడు. పేరు వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్.

మీలో చెస్ ఆడేవాళ్ళు ఈ పేరు వినే ఉంటారు. కానీ విన్నది బహుశా వేరే కారణానికి.

కెంపెలెన్ 1734 జనవరి 23న ప్రెస్‌బర్గ్‌లో పుట్టాడు. అప్పట్లో హంగరీ రాజ్యంలోది ఆ ఊరు. ఇవాళ దాని పేరు బ్రాటిస్లావా, స్లొవేకియా రాజధాని. చదివింది న్యాయశాస్త్రం, తత్వశాస్త్రం. చాలా భాషలు వచ్చు. హంగరీ చట్టాలను లాటిన్ నుంచి జర్మన్‌లోకి అనువాదం చేసి, కుర్రతనంలోనే మహారాణి మరియా థెరీసా దృష్టిలో పడ్డాడు. అలా వియన్నా కొలువులో ఉద్యోగం వచ్చింది. ఉప్పు గనుల వ్యవహారాలు చూశాడు. నీళ్ళు తోడే పంపులు, పడవల మీద తేలే వంతెన లాంటి పనులు చేశాడు. తీరిక దొరికితే నాటకాలు రాశాడు, ప్రకృతి దృశ్యాలు చెక్కాడు. మనలాగా ఒక చేత్తో ఇంజినీరింగ్, ఇంకో చేత్తో సాహిత్యం అన్నమాట. కాకపోతే ఆయనకి రెండూ బాగా వచ్చు.

1769లో ఆస్థానంలో ఒక ఫ్రెంచ్ గారడీవాడు అయస్కాంతాలతో వింతలు చూపించాడు. అందరూ నోరు తెరిచి చూస్తుంటే, ఇంతకన్నా గొప్పది నేను చేసి చూపిస్తానని కెంపెలెన్ మహారాణికి మాటిచ్చాడు. ఆరు నెలల్లో చేశాడు కూడా. 1770లో ఆస్థానం ముందుకు వచ్చిన ఆ యంత్రమే ది టర్క్. ఒక చెక్క పెట్టె, దాని వెనక తలపాగా చుట్టుకున్న తుర్కీవాడి బొమ్మ, ముందు చదరంగం బల్ల. తాళంచెవి తిప్పితే లోపల చక్రాలు గరగరా తిరిగేవి. బొమ్మ ఎడమ చెయ్యి చాచి పావు జరిపేది. ఆడితే ఎక్కువగా గెలిచేది.

ఆట ముందు కెంపెలెన్ పెట్టె తలుపులు ఒక్కొక్కటీ తెరిచి, లోపల కొవ్వొత్తి పెట్టి మరీ చూపించేవాడు. చక్రాలు తప్ప ఏమీ కనబడేవి కావు. నిజానికి లోపల ఒక మనిషి ఉండేవాడు, మంచి చెస్ ఆటగాడు. ఏ తలుపు తెరిస్తే దానికి అవతలి వైపుకి జరిగేలా అతని కూర్చీ జారేది. పావుల అడుగున అయస్కాంతాలు ఉండేవి. వాటికి స్పందించి కదిలే చిన్న బిళ్ళలను బట్టి ఏ పావు ఎక్కడికి వెళ్ళిందో కింద నుంచే తెలిసేది. లోపలి కొవ్వొత్తి పొగ తలపాగాలోంచి పోయేది. అది చదివి నా పోస్టర్ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. నా పెట్టెలోనూ మనిషే ఉన్నాడు, జలుబుతో సహా.

అయితే కెంపెలెన్‌కి ఆ బొమ్మ మీద అంత మోజు లేదు. పేరు ఊరూరా పాకుతుంటే సంతోషించాల్సింది పోయి, కొన్నాళ్ళకి యంత్రాన్ని విప్పేసి మూలన పెట్టాడు. అడిగినవాళ్ళకి అదో చిన్న ఆటవస్తువని తేల్చేసేవాడు. ఎందుకంటే టర్క్ తయారుచేసిన 1769లోనే ఆయన ఇంకో పని కూడా మొదలెట్టాడు. అది మాట్లాడే యంత్రం. ఇందులో మనిషిని దాచకూడదు. గాలి, చర్మం, చెక్క, రబ్బరు మాత్రమే మాట పలకాలి. ఆ ఒక్క పనికి సుమారు 20 ఏళ్ళు పట్టింది. టర్క్‌కి ఆరు నెలలు, దీనికి 20 ఏళ్ళు. ఈ లెక్క నాకిప్పటికీ మనసులోంచి పోదు.

మొదటి ప్రయత్నం వంటింట్లోంచి వచ్చింది. పొయ్యి ఊదే తిత్తిని ఊపిరితిత్తి అనుకున్నాడు. మన జానపద గాయకులు శ్రుతి కోసం పట్టుకునే తిత్తి లాంటి వాయిద్యం అక్కడా ఉంది. దానిలోని రీడ్‌ని, అంటే గాలికి అదిరే సన్నని రేకుని, గొంతు అనుకున్నాడు. దానికి సన్నాయి చివర ఉండే గరాటా లాంటిది తగిలించి, అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటే రెండు మూడు అచ్చుల్లాంటి ధ్వనులు వచ్చాయి. అది చిన్న విజయం.

రెండో ప్రయత్నంలో ఆయన ఇంజినీరు బుద్ధి పనిచేసింది. ఆర్గాన్ లాంటి మీటల బల్ల చేసి, ఒక్కో అక్షరానికి ఒక్కో మీట, ఒక్కో రీడ్ పెట్టాడు. అక్షరాలన్నీ విడివిడిగా తయారైతే, వరసగా నొక్కితే మాట వస్తుంది కదా అనేది ఆలోచన. అక్షరాలు పలికాయి. మాట మాత్రం రాలేదు. ఒక ధ్వని పూర్తయి ఇంకోటి మొదలయ్యేచోట అతుకు తెలిసిపోయేది. రెండు మీటలు దగ్గరగా నొక్కితే రెండూ ఒకేసారి మోగేవి. ఇది చదివి మంచం మీద లేచి కూర్చున్నా. నా 33 ముక్కల జబ్బూ అదే. రెండొందల ఏళ్ళకు ముందే ఒకాయన అదే గోడకి తల కొట్టుకున్నాడు.

ఆయన ఆ బల్లని పక్కన పడేశాడు. మనిషికి అక్షరానికో గొంతు ఉండదు, ఉన్నది ఒక్కటే. ఒకే గొంతులో ఒకే గాలి పారుతుంటే, నోటి ఆకారం మారుతూ మారుతూ పోతుంది. ఆ మారడంలోనే మాట ఉంది. క నుంచి మ లోకి నోరు ఎలా జారుతుందో అదీ మాటలో భాగమే. ఇది గ్రహించాక మూడో యంత్రం చేశాడు. ఒకే తిత్తి, దంతంతో చేసిన ఒకే రీడ్, గరాటాలాంటి ఒక రబ్బరు నోరు. మ, న పలకడానికి ముక్కు రంధ్రాల్లాంటి రెండు చిన్న గొట్టాలు. స, ష ల బుస కోసం వేరే మీటలు, ర కోసం రీడ్ మీద అదిరే ఒక తీగ. కుడి మోచెయ్యి తిత్తిని నొక్కితే కుడిచేతి వేళ్ళు మీటలూ రంధ్రాలూ చూసుకునేవి. ఎడమ అరచెయ్యి రబ్బరు నోటికి పెదవులయ్యేది. నేర్చుకుని వాయించాలి, వీణ లాగా. మామా, పాపా లాంటి మాటలతో మొదలై చిన్న చిన్న వాక్యాల దాకా వెళ్ళింది.

ఈ మధ్యలోనే, 1779లో, ఆయన చేసిన ఇంకో పని నాకు మరీ దగ్గరగా అనిపించింది. మరియా థెరీసియా ఫాన్ పారాడిస్ అని వియన్నాలో ఒక అమ్మాయి ఉండేది. చిన్నప్పుడే చూపు పోయింది. పియానో అద్భుతంగా వాయించేది, తర్వాత సంగీతం కూడా కూర్చింది. ఆమె తన ఉత్తరాలు తనే రాసుకోవడానికి వీలుగా కెంపెలెన్ చేత్తో ఆడించే ఒక చిన్న ముద్రణ యంత్రం చేసిచ్చాడు. దాని చుట్టూ జనం గుమిగూడలేదు, టికెట్లు అమ్ముడుపోలేదు.

టికెట్లు అమ్ముడైంది టర్క్‌కే. 1781లో రష్యా యువరాజు వస్తున్నాడని, మూలన పడ్డ బొమ్మని మళ్ళీ బిగించమని జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ. ఆ తర్వాత యూరప్ యాత్ర. 1783, 84లలో పారిస్, లండన్, జర్మన్ నగరాలు తిరిగాడు. వెంట మాట్లాడే యంత్రాన్నీ తీసుకెళ్ళాడు. పారిస్‌లో ఆనాటి మేటి ఆటగాడు ఫిలిడోర్ టర్క్‌ని ఓడించాడు. జనం మాత్రం బొమ్మ చుట్టూనే మూగారు. తన మోసం తన నిజాన్ని మింగేస్తుంటే పక్కన నిలబడి చూడాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకే వేదిక మీద మాయపెట్టె చూపించినవాడు, పక్కన ఉన్నది నిజమైన యంత్రమంటే ఎవరు నమ్ముతారు? దానిలోనూ ఎవరో చిన్నపిల్లని దాచాడనే అనుమానం రాకుండా ఉంటుందా?

ఆ అనుమానానికి ఆయన 1791లో జవాబిచ్చాడు. మనిషి మాట ఎలా పుడుతుందో, తన యంత్రం ఎలా పనిచేస్తుందో వివరిస్తూ వియన్నాలో 400 పేజీలు దాటిన పుస్తకం అచ్చువేశాడు. యంత్రం లోపలి భాగాలన్నిటికీ బొమ్మలు గీసి పెట్టాడు. పాడైన ప్రయత్నాలు కూడా దాచలేదు. నాలుక లేదు కాబట్టి త, ద, క, గ సరిగా రావని, వాటి బదులు ప లాంటి ధ్వనితోనే సర్దుకోవాల్సి వస్తోందని తనే రాశాడు. గొంతు చిన్నపిల్లలదిలా ఉండటం వల్ల వినేవాళ్ళు తప్పుల్ని మన్నించేస్తున్నారని కూడా ఒప్పుకున్నాడు. చదివినవాళ్ళు తన యంత్రాన్ని ఇంకా బాగుచేయాలనేదే ఆయన కోరిక. టర్క్ రహస్యం మాత్రం బతికుండగా బయటపెట్టలేదు.

1804 మార్చి 26న వియన్నాలో కన్నుమూశాడు. టర్క్‌ని మేల్జెల్ అనే ఆయన కొన్నాడు. 1809లో అది నెపోలియన్‌తో కూడా ఆడింది. తర్వాత అమెరికా చేరి, 1854లో ఫిలడెల్ఫియాలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

పుస్తకం కాలలేదు. 1830లలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని చదివి మాట్లాడే యంత్రాన్ని మళ్ళీ చేశాడు. అవును, మనం ల్యాబ్‌లో కుస్తీపట్టే వీట్‌స్టన్ బ్రిడ్జ్ ఆయన పేరు మీదే ఉంది. 1863లో ఒక పదహారేళ్ళ కుర్రాడు తండ్రితో వెళ్ళి ఆ యంత్రం మాట్లాడటం విన్నాడు. కెంపెలెన్ పుస్తకం తెచ్చుకుని చదివాడు. అన్నతో కలిసి మాట్లాడే తల ఒకటి తయారుచేశాడు. ఆ కుర్రాడి పేరు అలెగ్జాండర్ గ్రాహం బెల్. పదమూడేళ్ళ తర్వాత, 1876లో, అతనికి టెలిఫోన్ పేటెంట్ వచ్చింది.

నేను బెల్‌ని కాను. నా ప్రోగ్రామ్ ఇప్పటికీ 33 ముక్కలే. కానీ ప్రాజెక్టు రిపోర్టులో పోస్టర్ మీది మాట తీసేశా. గొంతు నాదేనని, అతుకులు ఎక్కడ తెలుస్తాయో, ఏం పలకలేదో ఒక పేజీ నిండా రాశా. రివ్యూలో మార్కులు కొన్ని తగ్గాయి. ఆ ఫస్టియర్ అమ్మాయిని వెతికి పట్టుకుని అసలు మాడ్యూలే లేదని చెప్పా. ఆమె నవ్వి ఫైళ్ళు అడిగి తీసుకుంది. అతుకుల దగ్గర ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా చేస్తే ఎలా ఉంటుందో చూస్తానంది. వారం తర్వాత పంపింది. ఏడు గంటల నలభై ఐదు నిమిషాలు అన్నది ఇప్పుడు ఇద్దరు ముగ్గురు మనుషులు చెప్పినట్టు ఉంది. ఆరుగురి కన్నా నయమే కదా.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు పదకొండుని కూడా మళ్ళీ రికార్డు చేస్తానన్నా. నాన్నమ్మ వద్దంది. రాత్రి మెలకువొచ్చి మీట నొక్కినప్పుడు ఆ జలుబు గొంతు వినబడితే, మిగతా మాట వినకుండానే, తెల్లారడానికి ఇంకా చాలా టైముందని తెలిసిపోతుందట. మళ్ళీ పడుకుంటుందట. ఆ ఫైల్ అలాగే ఉంచేశా.