లెక్క తేల్చిన సంపాదకుడు: సురవరం ప్రతాపరెడ్డి



సెలవు రోజు సాయంత్రం పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద నడిచే ఉంటారు. అక్కడి విగ్రహాల్లో నన్నయ, పోతన, వేమన ఎవరో పిల్లలు చెప్పేస్తారు. వాటి మధ్యే ఉన్న సురవరం ప్రతాపరెడ్డి ఎవరని అడిగితే మాత్రం వాళ్లే కాదు, మనలో చాలామందిమీ తడుముకుంటాం. అందుకే ఈ నెల ఆయన గురించి.

ఆయన 1896లో పుట్టారు. సొంతూరు గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. కర్నూలులో, హైదరాబాదులో, ఆ తర్వాత మద్రాసులో చదివి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. వకీలుగా హాయిగా సంపాదించుకోగల మనిషి పత్రిక పెట్టుకుని కష్టాలు కొనితెచ్చుకున్నారు.

ఎందుకో తెలియాలంటే అప్పటి హైదరాబాదు ఎలా ఉండేదో తెలియాలి. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నా, కచేరీల్లోనూ పెద్ద చదువుల్లోనూ ఉర్దూదే పెత్తనం. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి, వెక్కిరించి కూర్చోబెట్టారు. సొంత ఊళ్లో సొంత భాష మాట్లాడినందుకు! ఆ అవమానమే ఆంధ్ర జనసంఘానికి పునాది అయింది. మరుసటి ఏడాది నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు అనే పత్రికలు మొదలయ్యాయి.

1926 మే 10న ప్రతాపరెడ్డి సంపాదకుడిగా గోలకొండ పత్రిక వచ్చింది. వారానికి రెండుసార్లు వెలువడేది. పేరుకు సంపాదకుడే గానీ రాయడం, ప్రూఫులు దిద్దడం, లెక్కలు చూసుకోవడం చాలావరకు ఆయన పనే. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి ఉండాల్సిన రోజుల్లో ఆ ఆంక్షల్ని తప్పుపడుతూ రాశారు. ముందుగా అనుమతి తీసుకోకుండా సంపాదకీయం వేయకూడదని ఒక దశలో ప్రభుత్వం హుకుం జారీ చేసింది. ఆయన వాదనకు దిగలేదు. సంపాదకీయం ఉండాల్సిన చోట ప్రపంచ మేధావుల సూక్తులు అచ్చువేశారు. పాఠకులకు విషయం అర్థమైపోయింది, పట్టుకోవడానికి అధికారులకు ఏమీ దొరకలేదు. పిల్లలకు ఈ ఒక్క ముచ్చట చెప్పి చూడండి, తప్పకుండా నవ్వుతారు.

ఇంతకన్నా పెద్ద కథ ఇంకొకటి ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశారు. అలాంటి మాటకు కోపంతో నాలుగు పేజీలు రాయడం ఎవరికైనా తేలికే. ప్రతాపరెడ్డి కోపాన్ని పనిలో పెట్టారు. మీ ఊళ్లోని కవుల వివరాలు, పద్యాలు పంపండని అడిగారు. ఊరూరి నుంచి కట్టలు వచ్చాయి. పండితులే కాదు, రకరకాల కులాలవాళ్లు, స్త్రీలు, అప్పుడప్పుడే కలం పట్టిన కుర్రవాళ్లు కూడా అందులో ఉన్నారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు! అన్ని పద్యాలూ గొప్పవని ఎవరూ అనరు, అననక్కర్లేదు కూడా. లేరన్నవాళ్లకు లెక్క చూపించడమే అక్కడి పని.

ఈలోగా 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలుగులో మాట్లాడితే గేలి చేసిన రాజ్యంలో, తొమ్మిదేళ్లు తిరక్కుండానే తెలుగువాళ్ల సభ అది. హైదరాబాదులోని రెడ్డి హాస్టలు బాధ్యతలు కూడా కొన్నేళ్లు చూశారు, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు.

ఇక ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చిన ఈ పుస్తకంలో రాజులు, యుద్ధాలు వెనక్కిపోయి మామూలు మనుషులు ముందుకొస్తారు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ పండుగలు చేసుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు? శాసనాలతో సరిపెట్టుకోకుండా బసవపురాణం, క్రీడాభిరామం, హంసవింశతి వంటి కావ్యాల్లో గాలించి ఆ వివరాలు పట్టుకున్నారు. ఒక విలేకరి ఊరంతా తిరిగి వార్త సేకరించినట్టే ఆయన పాత కావ్యాల్లో తిరిగారు. ఇంట్లో చరిత్ర అంటే తేదీల బట్టీ అని విసుక్కునే పిల్లలుంటే, అందులోని ఆటల గురించి రెండు పేజీలు మీరే చదివి వినిపించండి. కొన్ని పదాలు మనకూ కొత్తగానే ఉంటాయి, తాతయ్యనో అమ్మమ్మనో అడగాల్సి రావచ్చు.

గోలకొండ పత్రిక 1947లో దినపత్రిక అయింది. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ మరుసటి ఏడాది, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. అందుకోవడానికి అప్పటికి ఆయన లేరు.