దీపధారిణి నేర్చిన పాఠము

రాత్రివేళ చేత దీపము పట్టుకొని, క్షతగాత్రులైన సైనికుల పడకల నడుమ మెల్లగా నడచిపోవు స్త్రీమూర్తి చిత్రమును పాఠ్యపుస్తకములలో చూడని విద్యార్థి అరుదు. ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగానే కరుణ యను మాట మనస్సునకు తోచును. ఆ కరుణ నిజమైనదే. కాని ఆమె యుద్ధరంగపు ఆస్పత్రులలో దీపము పట్టి తిరిగిన కాలము రెండేండ్లకు లోపు. జీవించినది తొంబది యేండ్లు. యుద్ధము ముగిసిన పిమ్మట నలువది యేండ్లకు పైగా ఆమె సాగించిన కృషి ఆ దీపముకంటె గొప్పది. తన కన్నుల యెదుట జరిగిన ఘోరమునకు కారణమేమో తాను గ్రహింపలేకపోతినని తెలిసికొని, ఆ పొరపాటునుండి నేర్చుకొని, నేర్చినదానిని ఇతరులకు నేర్పి, ఒక దేశపు సైనికవైద్యమును, ఆస్పత్రులను, పరిచారికావృత్తిని మార్చుటయే ఆ కృషి.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. తండ్రి విద్యావంతుడు, కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను తానే బోధించెను. ఫ్లారెన్సుకు గణితమునందు మక్కువ మెండు. మంచి సంబంధము చూచి పెండ్లి చేయవలెనని తల్లి కోరిక. రోగులకు పరిచర్య చేయవలెనని కూతురి పట్టుదల. ఆనాటి ఇంగ్లండులో ఆస్పత్రి పరిచారికలనగా చదువు లేనివారు, శిక్షణ ఎరుగనివారు, తాగుబోతులు అని లోకులకు చులకన. గౌరవకుటుంబపు స్త్రీ ఆ గడప తొక్కుట తలవంపని ఇంటివారు అడ్డుపడిరి. ఆమె ఎదిరించి వెడలిపోలేదు. చదువు మానను లేదు. తెల్లవారకముందే లేచి, దీపము వెలుగున ఆస్పత్రుల నివేదికలను, ఆరోగ్యవిషయక పత్రములను చదివి, అంకెలను వ్రాసికొనుచుండెడిది. 1851లో జర్మనీలోని కైజర్సువెర్తు సేవాసంస్థలో మూడు నెలలు విద్యార్థినిగా ఉండి పని నేర్చెను.

1853లో లండనులోని హార్లీ వీధిలో, రోగపీడితలైన గౌరవకుటుంబ స్త్రీలకై నడుచు చిన్న ఆస్పత్రికి ఆమె అధ్యక్షురాలయ్యెను. సేవలో ప్రేమ ఉండిన చాలదనియు, ఇల్లు సరిగా అమరనిచో సేవకురాలి శక్తి మెట్లెక్కి దిగుటతోనే వ్యయమగుననియు ఆమె అచ్చటనే చూపెను. ప్రతి అంతస్తునకు వేడినీటి గొట్టములు వేయించెను. రోగుల భోజనము పైకి చేర్చుటకు తాళ్లతో లాగు యంత్రము పెట్టించెను. మతభేదము పాటింపక రోగులను చేర్చుకొనవలెనని నిర్వాహకవర్గముతో వాదించి గెలిచెను.

మరుసటి సంవత్సరమే క్రిమియా యుద్ధము వచ్చెను. రష్యాపై ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్కరాజ్యము కలిసి పోరాడుచుండెను. ఆంగ్ల సైనికులు ఆస్పత్రులలో దిక్కులేక చనిపోవుచున్నారని లండను పత్రికలో వార్తలు రాగా దేశము కలతచెందెను. యుద్ధశాఖ మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఆమెకు పూర్వపరిచితుడు. ఆతని కోరికపై 38 మంది పరిచారికలతో ఆమె బయలుదేరి, 1854 నవంబరు మొదటి వారమున, కాన్‌స్టాంటినోపిలుకు ఎదుటి తీరమందలి స్కుటారి సైనికాస్పత్రికి చేరెను.

అచ్చటి వైద్యాధికారులు ఈ స్త్రీలను చూచి సంతోషింపలేదు. తమ లోపములను వెదకుటకు ప్రభుత్వము పంపిన వేగువారని కొందరు తలచిరి. మంత్రి అధికారపత్రము చేతనుండియు నైటింగేలు దానిని ఝళిపింపలేదు. వైద్యులు పిలుచువరకు రోగుల యొద్దకు పోరాదని తనవారిని ఆజ్ఞాపించెను. కన్నుల యెదుట రోగులు మూలుగుచుండ, పరిచారికలు కట్లగుడ్డలు చుట్టుచు, దుప్పట్లు కుట్టుచు కూర్చుండిరి. వారిలో కొందరికి ఆమెపై కోపము వచ్చెను. కాని కొలదిదినములలో ఇంకర్మను యుద్ధమునుండి క్షతగాత్రులు ఓడల నిండ రాసాగిరి. వైద్యులు తామే వచ్చి సాయమడిగిరి. పాతసంస్థలో క్రొత్తగా అడుగిడినవారు అధికారముతో కాక అక్కఱతో లోనికి పోవలెనని ఆమె తెలిసి చేసిన పని యిది. పిమ్మట వంటశాల అమరించెను. బట్టలు ఉదుకు ఏర్పాటు చేసెను. ప్రజలు పత్రికాముఖమున పంపిన ధనముతోను, తన సొంత ధనముతోను చొక్కాలు, పళ్లెములు, బ్రష్షులు కొనెను. చనిపోయినవారి తల్లులకు స్వయముగా జాబులు వ్రాసెను.

ఇంత చేసినను మరణములు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరి నాటికి చికిత్స పొందుచున్న నూరుగురిలో 42 మంది చనిపోవుచుండిరి. గాయములచేత కాదు, విరేచనములు, కలరా, జ్వరములచేత. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘము వచ్చెను. డాక్టరు జాన్ సదర్లండు, ఇంజనీరు రాబర్టు రాలిన్‌సను అందలి ముఖ్యులు. ఆస్పత్రి భవనము పూడిపోయిన మురుగుకాలువలపై నిలిచియున్నదని వారు కనుగొనిరి. కాలువలను కడిగించిరి, కుళ్లిన కళేబరములను తీసివేయించిరి, గోడలకు సున్నము కొట్టించిరి, గాలి వచ్చుటకు దారులు తెరిపించిరి. జూను నాటికి మరణములు నూటికి రెంటికి దిగెను.

అయినను ఆ కాలమున నైటింగేలు దీని పూర్తి అర్థమును గ్రహింపలేదు. ఆకలిచేత, చలిచేత, మితిమీరిన శ్రమచేత కృశించి, చేయి దాటిన పిమ్మట సైనికులు తన యొద్దకు వచ్చుటవలననే చనిపోయిరని ఆమె నమ్మెను. సరఫరాశాఖవారి అలసత్వమే మూలమని తలచెను.

1856 ఆగస్టులో ఆమె మారుపేరుతో ప్రయాణము చేసి, స్వాగతసభలను తప్పించుకొని, నిశ్శబ్దముగా ఇల్లు చేరెను. దేశమంతయు ఆమెను దేవతగా కొలుచుచుండెను. ఆమెకు కావలసినది పూజ కాదు, విచారణ. విక్టోరియా రాణిని దర్శించి, సైన్యారోగ్యముపై రాజకీయ విచారణసంఘమును కోరెను. 1857లో ఆ సంఘము ఏర్పడెను. ఆ పనికై మరణసంఖ్యలను పరిశీలించుటలో విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఆమెకు తోడ్పడెను. అంకెలను వరుసగా పేర్చి, ఒక ఆస్పత్రితో మరియొకదానిని పోల్చి చూచినప్పుడు సత్యము బయటపడెను. ఆహారము, వస్త్రములు వచ్చినందువలన మాత్రమే మరణములు తగ్గలేదు. మురుగు పోయినందువలన తగ్గెను. యుద్ధరంగమునుండి రక్షించుటకని ఏ ఆస్పత్రికి సైనికులను తెచ్చిరో, ఆ ఆస్పత్రియే వారిని అధికముగా చంపెను. ఆ శీతకాలమంతయు రాత్రింబవళ్లు తాను పరిచర్య చేసినది ఆ కప్పు క్రిందనే.

ఆ సంవత్సరము ఆగస్టులో ఆమె ఆరోగ్యము కూలిపోయెను. క్రిమియాలో సోకిన జ్వరపు ఫలమని కొందరు, ఈ సత్యము తెలిసిన ఆఘాతముకూడ అందుకు కారణమని మరికొందరు చరిత్రకారులు చెప్పుదురు. ఏదియైనను, ఆమె ఆ సత్యమును దాచలేదు. ఆమెను నిందించినవారు లేరు. మౌనముగా ఉండినచో కీర్తికి లోటు లేకుండెడిది. ఆమె మాత్రము రహస్యనివేదికలో స్కుటారి మరణములను అంకెలతో వివరించి, 1858లో అచ్చువేయించి, పలుకుబడిగల వారికి పంపెను. పట్టికలు చదువు ఓపిక లేనివారికై అంకెలను రంగురంగుల చక్రములుగా చిత్రించెను. ఆ చక్రములలో రోగమరణముల భాగము విశాలముగను, గాయమరణముల భాగము సన్నముగను కనబడును. కంటితో చూచినవాడు మఱి వాదింపలేడు. ఆ సంవత్సరమే లండను గణాంకశాస్త్రసంఘము ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆ గౌరవమందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆమెకు పదవి లేదు, వోటు లేదు, చాలకాలము మంచము విడిచి లేచు శక్తియు లేదు. ఆ మంచమునుండియే వేలకొలది జాబులు వ్రాసెను. మంత్రులు ఆమె గదికి వచ్చి విని పోయిరి. సైనికుల నివాసములకు గాలి, నీరు, మురుగుపారుదల ఏర్పడెను. 1860లో సైనికవైద్య కళాశాల వెలసెను. తన మాటను ప్రభుత్వముచేత నడిపించిన హెర్బర్టు 1861లో మరణింపగా ఆమె మిక్కిలి క్రుంగెను. ఒక్కని బలముపై నిలిచిన సంస్కరణ ఆ ఒక్కనితో వాడిపోవునని అప్పుడు ఆమెకు బాగుగా తెలిసెను. కావున మనుష్యులను తయారుచేయు పనియే మిగిలినది.

క్రిమియా సేవకు కృతజ్ఞతగా ప్రజలు 44 వేల పౌనులకు పైగా నిధి కూర్చియుండిరి. దానితో 1860లో లండనులోని సెయింటు తామసు ఆస్పత్రియందు పరిచారికల శిక్షణాలయము ప్రారంభమయ్యెను. పరిచారికకు ఇంటి పనికత్తెకు మించిన చదువు అక్కఱలేదని ఆ ఆస్పత్రి శస్త్రవైద్యుడొకడు అంతకుముందే పుస్తకము ప్రకటించియుండెను. ఆ ప్రతికూలత నడుమనే 15 మంది విద్యార్థినులు చేరిరి. శిక్షణ ఒక సంవత్సరము. ఆస్పత్రి పర్యవేక్షకురాలైన శ్రీమతి వార్డ్రోపరు నెలనెల ప్రతి విద్యార్థిని సమయపాలనను, శుభ్రతను, నమ్మకమును, పనితీరును పట్టికలో గుర్తించుచుండెను.

ఈ శిక్షణాలయపు ఉద్దేశము ఒక ఆస్పత్రికి పనివారిని చేర్చుట కాదు; ఇతర ఆస్పత్రులలో నేర్పగల వారిని సిద్ధపరచుట. 1865లో ఆగ్నెస్ జోన్సు అను యువతి 12 మంది శిక్షితలతో లివర్‌పూలులోని దరిద్రుల శరణాలయపు రోగశాలకు పోయెను. దిక్కులేని 1,200 మంది రోగులను అంతవరకు తోటి దరిద్రులే చూచుచుండిరి. మూడేండ్లలో ఆ రోగశాల రూపు మారెను; కాని 1868లో ఆగ్నెస్ విషజ్వరముతో చనిపోయెను. ఆ సంవత్సరమే లూసీ ఆస్‌బర్ను అను మరియొక శిక్షిత ఐదుగురితో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చేరెను.

ఇట్లు పేరు వ్యాపించుచున్న సమయముననే నైటింగేలు రెండవ పాఠము నేర్వవలసివచ్చెను. సుమారు పదేండ్లు ఆమె శిక్షణాలయమును దూరమునుండి, కాగితములద్వారానే ఎరిగియుండెను. 1872 ప్రాంతమున లోనికి చూడగా, వైద్యుని ఉపన్యాసములు సరిగా జరుగుటలేదనియు, విద్యార్థినులను నేర్చుకొనువారిగా కాక చౌక పనివారిగా వాడుచున్నారనియు తెలియవచ్చెను. పట్టికలు నిండుచుండెను, చదువు సాగుటలేదు. మురుగుకాలువలవలెనే ఈ లోపమును నేల క్రిందనే ఉండెను. ఆమె శిక్షణాలయమును మూయలేదు. ఒకరిపై నెపము వేసి ఊరకుండలేదు. క్రొత్త వైద్యుని నియమింపజేసి పాఠములను క్రమపరిచెను. విద్యార్థినుల చదువును, యోగక్షేమములను చూచుటకు ప్రత్యేకముగా ఒక సోదరిని ఏర్పరచెను. తాను మంచము పట్టియున్నను ఒక్కొక్క విద్యార్థినిని ఇంటికి పిలిపించుకొని, పని ఎట్లు జరుగుచున్నదో, ఎచ్చట కష్టమగుచున్నదో అడిగి, వారి గుణదోషములను వ్రాసికొనెను. దూరపు ఆస్పత్రులలో పెద్దలైన పాతశిష్యురాండ్రకు తగాదాలు వచ్చినప్పుడు ఓర్పుతో ఉపాయములు వ్రాసిపంపెను. అలసినవారికి పూలు, ఆహారపదార్థములు పంపెను. 1872 మొదలు అనేక సంవత్సరములు శిష్యురాండ్రందరికి జాబులు వ్రాసెను. శిక్షణకాలము ముగియుటతో చదువు ముగియదనియు, ఏటేట ముందుకు పోనివారు వెనుకకే పోవుదురనియు వాటి సారము.

భారతదేశమును ఆమె ఎన్నడు చూడలేదు. అయినను 1859లో ఇచ్చటి సైన్యారోగ్యముపై విచారణ మొదలైనప్పుడు ప్రతి సైనికస్థావరమునకు ప్రశ్నపత్రములు పంపించి సమాధానములను పరిశీలించెను. 1863లో ఆ సంఘపు నివేదిక వెలువడెను. సైనికుల ఆరోగ్యముతో మొదలిడిన ఆమె, చుట్టుపట్ల గ్రామములు బాగుపడనిదే సైనికస్థావరము బాగుపడదనియు, నీరు లేని రైతునకు ఆరోగ్యము లేదనియు క్రమముగా తెలిసికొనెను. గోదావరిపై ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములు నడచెను. కాలువల నిర్మాణమునకై ఆతడు చేసిన వాదమును ఆమె గట్టిగా బలపరచెను. గోదావరి మండలపు పంటకాలువ లండనులోని ఒక రోగిణి మంచము వద్ద చర్చనీయాంశమగుట తెలుగువారు గుర్తుంచుకొనదగినది.

ఆమె సర్వజ్ఞురాలు కాదు. రోగములను సూక్ష్మజీవులు కలిగించునను సిద్ధాంతమును అంగీకరించుటకు చాలకాలము పట్టెను. 1887 తరువాత పరిచారికలకు పరీక్షలు పెట్టి పట్టికలో పేర్లు చేర్చవలెనను ఉద్యమము రాగా, శీలమును పరీక్షలు కొలువలేవని గట్టిగా ఎదిరించెను. ఆ మార్పును ఆమె ఆపజాలలేదు. ఆమె మరణానంతరము 1919లో అది చట్టమయ్యెను. ఒకప్పుడు పాతవారిని మార్చినవారికి సైతము తరువాతి మార్పు కష్టమేనని ఈ ఘట్టము చెప్పుచున్నది.

1907లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు లభించెను. స్త్రీలలో అది పొందిన ప్రథమురాలు ఆమె. 1910 ఆగస్టు 13వ తేదీన, తొంబదవ యేట, నిద్రలోనే కన్నుమూసెను. మహాపురుషులకు వెస్టుమినిస్టరు దేవాలయమున జరుగు సమాధిగౌరవమును బంధువులు వలదనిరి. స్వగ్రామపు చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల చెంతనే పూడ్చిరి. రాతిపై ఆమె పేరు లేదు. రెండు పొడి అక్షరములు, జననమరణముల తేదీలు మాత్రమే కలవు. అప్పటికి ఆమె తీర్చిన విధానమున శిక్షణ పొందిన స్త్రీలు అనేక దేశముల ఆస్పత్రులలో తాము నేర్చినదానిని ఇతరులకు నేర్పుచుండిరి.