ఫ్రాన్సిస్ డే: ఆర్మగాన్ నుంచి చెన్నపట్నానికి

నేటి చెన్నైని పూర్వం మద్రాసు అనీ, చెన్నపట్నం అనీ పిలిచేవారు. ఆ నగరం పుట్టుకకు కారకుడైన ఫ్రాన్సిస్ డే గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

వర్తక స్థావరం

డే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. కంపెనీ 1611లో మచిలీపట్నంలో ఒక వర్తక స్థావరం నెలకొల్పింది. దాన్ని ఫ్యాక్టరీ అనేవారు. అంటే యంత్రాలున్న కర్మాగారం కాదు. బట్టలు కొని, నిల్వచేసి, ఓడలకు ఎక్కించే చోటు. అక్కడ గోల్కొండ అధికారులతో తగాదాలు వచ్చాయి. 1626 ప్రాంతంలో నెల్లూరు సీమలోని దుగరాజపట్నంలో మరో స్థావరం వెలిసింది. సాయపడిన ఆరుముగ మొదలియారు పేరుమీద దానికి ఆర్మగాన్ అనే పేరు వచ్చిందంటారు. తరువాత డే ఈ స్థావరానికి అధిపతి అయ్యాడు.

కొత్త చోటు

ఆర్మగాన్‌లో మంచి బట్ట చాలినంత దొరకలేదు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివారు కోట కట్టుకొని పోటీగా నిలిచారు. డే తీరం వెంట వెతికి మద్రాసపట్నం అనే పల్లెను ఎంచుకున్నాడు. అక్కడ బట్ట నూటికి 20 వంతులు చవక అని కంపెనీకి తెలిపాడు.

ఆ సీమను దామర్ల వేంకటప్ప నాయకుడు ఏలేవాడు. ఆయన చంద్రగిరి రాయలకు లోబడిన తెలుగు ప్రభువు. వర్తకం పెరిగితే రాబడి పెరుగుతుందని ఆయన ఆశించాడు. 1639లో కోట కట్టుకోడానికి అనుమతి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరుమీదనే చెన్నపట్నం అనే పేరు వచ్చింది.

కోట, ఊరు

1640 ఫిబ్రవరిలో డే, అతని పై అధికారి ఆండ్రూ కోగన్ అక్కడికి చేరి పని మొదలుపెట్టారు. అదే సెయింట్ జార్జి కోట. ఖర్చుకు వడ్డీ తానే కడతానని డే మాట ఇచ్చాడు. ఆ మాట నిలుపుకోలేదని తోటి ఉద్యోగులు కంపెనీకి రాశారు. ఖర్చు చూసి లండను పెద్దలు కోపగించారు. అయినా పన్ను మినహాయింపు చూసి నేతగాళ్ల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఊరు పెరిగింది. ఆర్మగాన్ వెనకబడిపోయింది. డే 1643లో మద్రాసు అధిపతి అయ్యాడు. మరుసటి ఏడు పదవి వదిలాడు.

నాయకుడు అనుమతించింది వర్తకానికి. కాని ఆ కోటే తరువాత దక్షిణాదిలో ఇంగ్లీషువారి పాలనకు కేంద్రమైంది.

పాఠగత ప్రశ్నలు

1. ఆనాడు ఫ్యాక్టరీ అంటే ఏమిటి?
2. డే ఆర్మగాన్‌ను ఎందుకు వదిలాడు?
3. అనుమతి ఇవ్వడం వల్ల నాయకుడు ఏమి ఆశించాడు? చివరకు ఏమి జరిగింది?