మెకానిక్ రాయిస్

మా తోట్లవల్లూరు వైపు చదువు మీద ధ్యాస లేని పిల్లాడికి పెద్దవాళ్లు ఇచ్చే వార్నింగ్ ఒకటే, మెకానిక్ షెడ్డులో చేర్పిస్తాం అని. కరకట్ట మీద చెరకు ట్రాక్టరు ఆగిపోయినా, అరటితోటలో ఆయిలింజను మొరాయించినా అందరూ పరిగెత్తేది మళ్లీ ఆ షెడ్డుకే. పని కావాలి, పేరు మాత్రం వద్దు. నేను మెకానికల్ బ్రాంచిలో చేరినప్పుడు కూడా ఊళ్లో ఒకరిద్దరు నవ్వారు, ఇంత చదివీ మెకానిక్కేనా అని.

ఈ సంచికకి ఒక జీవితకథ రాయమన్నప్పుడు నాకు హెన్రీ రాయిస్ గుర్తొచ్చింది అందుకే. రోల్స్ రాయిస్ అనే పేరులో రెండో సగం ఆయనది. బిరుదొచ్చాక కూడా ఆయన తనని తాను మెకానిక్ అనే చెప్పుకునేవాడు. బడికి వెళ్లింది అంతా కలిపితే ఏడాది చిల్లర.

1863 మార్చి 27న ఇంగ్లండులో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి జేమ్స్ పిండిమిల్లు లీజుకి తీసుకుని నడిపేవాడు. రైసు మిల్లు లీజుకి తీసుకుని చేతులు కాల్చుకున్నవాళ్లు మన కృష్ణా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు కాబట్టి ఆ కథ వివరించక్కర్లేదు. మిల్లు మునిగింది, కుటుంబం లండన్ చేరింది. 1872లో తండ్రి అక్కడే పేదల ఆశ్రమంలో పోయాడు. హెన్రీకి అప్పుడు తొమ్మిదేళ్లు. వీధుల్లో పేపర్లు అమ్మాడు. ఆ తర్వాత టెలిగ్రాములు పంచాడు, అదీ మేఫెయిర్ అనే ధనవంతుల పేటలో. ఏ ఇళ్ల తలుపులు తట్టి టెలిగ్రాములు ఇచ్చాడో, అలాంటి ఇళ్లవాళ్లే తర్వాత ఆయన కారు కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

1878లో బంధువొకావిడ ఏడాదికి 20 పౌండ్లు కట్టడానికి ఒప్పుకుని పీటర్‌బరోలో గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. అదృష్టం ఏంటంటే, ఆయన అద్దెకున్న ఇంటాయనకి పెరట్లో సొంత వర్క్‌షాపు ఉండేది. పగలంతా రైల్వే పని, రాత్రి పెరట్లో లేతు మీద పని. ఆకురాయి పట్టడం, లేతు తిప్పడం అలా చేతికొచ్చాయి. మూడేళ్లకి ఆవిడ దగ్గర డబ్బైపోయింది. అప్రెంటిస్‌షిప్ మధ్యలోనే ఆగింది. చేతిలో సర్టిఫికెట్ కూడా లేదు. లీడ్స్‌లో టూల్‌మేకర్‌గా చేరితే వారానికి 54 గంటల పని, జీతం 11 షిల్లింగులు. అక్కణ్ణించి లండన్‌లో కరెంటు దీపాల కంపెనీకి మారాడు. అప్పటికి కరెంటు అంటే మనకి ఇప్పుడు ఏఐ ఎలాగో అలాంటిది, అందరూ మాట్లాడతారు, తెలిసినవాళ్లు తక్కువ. ఆయన సాయంత్రం క్లాసులకి వెళ్లి నేర్చుకున్నాడు. కొన్నాళ్లు లివర్‌పూల్‌లో పనిచేశాడు. ఆ కంపెనీ కూడా మూతపడింది.

1884లో ఇరవై ఒక్కేళ్ల వయసులో మాంచెస్టర్ కుక్ స్ట్రీట్‌లో సొంత షాపు పెట్టాడు. ఆయన పెట్టుబడి 20 పౌండ్లు, భాగస్వామి ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్‌ది 50 పౌండ్లు. డోర్‌బెల్లులు, బల్బు హోల్డర్లు చేసేవాళ్లు. షాపు పైగదిలోనే కాపురం, ఎనామిల్ కాల్చే పొయ్యి మీదే వంట. ఎనామిల్‌లో ఆర్సెనిక్ లాంటివి ఉంటాయని తెలిసిన మనకి ఒళ్లు జలదరిస్తుంది గానీ, వాళ్లకి అదే హాస్టల్ మెస్సు. మెల్లగా డైనమోలు, ఆ తర్వాత కరెంటు క్రేన్లు. రాయిస్ క్రేను అంటే మన్నికకి పేరు. మిత్రులిద్దరూ అక్కాచెల్లెళ్లని పెళ్లి చేసుకుని తోడల్లుళ్లయ్యారు కూడా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీ, అమెరికాల నుంచి చవక క్రేన్లు వచ్చిపడ్డాయి. ధర తగ్గించాలంటే నాణ్యత తగ్గించాలి. రాయిస్ ఒప్పుకోలేదు. ఆర్డర్లు పడిపోయాయి, దాంతోపాటు ఆయన ఆరోగ్యమూ. 1902లో మంచాన పడితే ఇంట్లోవాళ్లు బలవంతంగా దక్షిణాఫ్రికా పంపించారు. ఓడలో ఆయన చదివిన పుస్తకం మోటారు కార్ల గురించి. విశ్రాంతి అంటే ఆయనకి తెలిసింది అంతే.

తిరిగొచ్చాక సెకండ్‌హ్యాండులో డెకోవిల్ అనే ఫ్రెంచి కారు కొన్నాడు. అప్పటికి అది మంచి కారే. ఈయనకి నచ్చలేదు. చప్పుడు, వేడెక్కడం, స్పార్కు సరిగ్గా పడకపోవడం. మనమైతే రివ్యూలో రెండు స్టార్లిచ్చి ఊరుకుంటాం. ఆయన కారు మొత్తం విప్పేశాడు. మూడు కార్లు తనే కడతానన్నాడు. ఇక్కడ ఒకటి గమనించాలి. రాయిస్ కారుని కనిపెట్టలేదు, ఇంజనులో కొత్త సిద్ధాంతమేదీ తేలేదు. డెకోవిల్ అమరికనే తీసుకుని, కార్బురేటర్ దగ్గర్నుంచి బోల్టుదాకా ఒక్కో భాగాన్నీ పట్టుకుని ఇది ఇంతకంటే బాగా ఎందుకుండకూడదని అడుగుతూ పోయాడు. ఆయన జీవితమంతా ఇదే పని. 1904 ఏప్రిల్ 1న మొదటి కారు కుక్ స్ట్రీట్‌లో స్టార్టయింది. పదిహేను మైళ్లు నడుపుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తేదీన మొదలుపెట్టడానికి కొంచెం ధైర్యం కావాలి!

అదే ఏడాది మే 4న మాంచెస్టర్ మిడ్‌ల్యాండ్ హోటల్లో చార్లెస్ రోల్స్‌ని కలిశాడు. రోల్స్ లార్డు గారి కొడుకు, కేంబ్రిడ్జి డిగ్రీ, లండన్‌లో ఫ్రెంచి కార్లు తెప్పించి అమ్మే షోరూము. ఒకరిది పేపర్లమ్మిన బాల్యం, ఇంకొకరిది మహల్లో బాల్యం. రోల్స్ ఆ రెండు సిలిండర్ల కారెక్కి తిరిగాడు, మీరు ఎన్ని కార్లు చేస్తే అన్నీ నేనే అమ్ముతానన్నాడు. పేరులో కనిపించని మూడో మనిషి క్లాడ్ జాన్సన్, రోల్స్ భాగస్వామి. ప్రచారం ఆయన విద్య. రోల్స్‌కీ రాయిస్‌కీ మధ్య గీత ఆయనే అని చెప్పుకునేవాళ్లు.

మెకానికల్ వాళ్లు కాస్త దగ్గరికి రండి. ఆరు సిలిండర్ల ఇంజనుకి క్రాంక్‌షాఫ్ట్ పొడుగు. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా ఆ షాఫ్టు తడిబట్ట పిండినట్టు మెలిపడి మళ్లీ వదులవుతుంది. ఒక వేగం దగ్గర ఆ కంపనం పెరిగి షాఫ్టునే విరగ్గొట్టేస్తుంది. రాయిస్ మొదటి ఆరు సిలిండర్ల కారు, 30 హార్స్‌పవర్‌ది, ఈ జబ్బుతోనే బాధపడింది. 1906లో వచ్చిన 40/50 మోడల్లో ఆయన సిలిండర్లని మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా విడగొట్టాడు. షాఫ్టుని లావు చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టి, నూనెని ఒత్తిడితో పంపాడు. సుమారు ఏడు లీటర్ల ఇంజను, అయినా పక్కన నిలబడితే నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దం. రేడియేటర్ మీద నాణేన్ని అంచున నిలబెట్టి చూపించడం ఈ కంపెనీ ప్రచారంలో పాత విద్య. జాన్సన్ ఒక కారుకి వెండిరంగు వేయించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టించాడు.

1907లో ఆ కారుని 15,000 మైళ్ల పరీక్షకి దింపారు. ఆదివారాలు తప్ప రాత్రీ పగలూ లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య తిప్పారు. 629 మైళ్ల దగ్గర ఒక్కసారి ఆగింది, అదీ రోడ్డు కుదుపులకి పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకుపోయి. ఆ తర్వాత 14,371 మైళ్లు దారిలో చెడిపోయి ఆగింది లేదు. తోట్లవల్లూరు నుంచి హైదరాబాద్‌కి దాదాపు ముప్పై ఎనిమిది సార్లు వెళ్లొచ్చినంత దూరం, అదీ 1907 నాటి రోడ్ల మీద. తర్వాత కారుని విప్పి, అరిగిన భాగాలు లెక్కగట్టి కొత్తలా చెయ్యడానికి ఎంతవుతుందో చూస్తే రెండు పౌండ్ల చిల్లర తేలింది. ప్రపంచంలో ఉత్తమమైన కారు అనే పేరు ఆ పరీక్ష తర్వాత నిలబడింది. బంగారు తాపడాలతోనో తోలు సీట్లతోనో వచ్చిన పేరు కాదది. అసలు సీట్లూ పైకప్పూ ఆ రోజుల్లో కంపెనీ చేసేదే కాదు. కొన్నవాళ్లు బాడీ వేరేచోట కట్టించుకునేవాళ్లు, మన దగ్గర లారీ ఛాసిస్ కొని బాడీ కట్టించినట్టు.

1908లో ఫ్యాక్టరీ డెర్బీకి మారింది. 1910 జూలై 12న రోల్స్ బోర్న్‌మౌత్‌లో విమానం కూలి చనిపోయాడు. వయసు 32. రాయిస్ పనిలో ఇంకా మునిగిపోయాడు. తిండి మర్చిపోయేవాడు. గ్లాసుతో పాలిచ్చి ఒక కుర్రాణ్ణి ఆయన వెంట పంపేవాళ్లట, తాగేదాకా వదలొద్దని. ఇంటి దగ్గర తోటపని అంటే ప్రాణం, పగలు తీరిక లేక తోటలో కరెంటు దీపాలు పెట్టుకుని రాత్రిళ్లు చేసేవాడు. ఇదంతా చదివితే ముచ్చటేస్తుంది గానీ, ఆయన కింద పనిచేసినవాళ్లకి ముచ్చటగా ఉండి ఉండదు. పని నచ్చకపోతే అక్కడికక్కడే ఉద్యోగంలోంచి పొమ్మనేవాడని చెప్తారు. తన ఆకలే గుర్తులేనివాడికి ఇంకొకరి ఆకలి ఏం గుర్తుంటుంది?

1911లో ఒళ్లు పూర్తిగా లొంగిపోయింది. 1912లో పేగులకి పెద్ద ఆపరేషన్. ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు అనుకున్నారు. భార్య మిన్నీతో కాపురం ఆ ఏడాదే విడిపోయింది. జాన్సన్ ఆయన్ని ఫ్రాన్సు దక్షిణ తీరంలో లె కనదెల్ అనే ఊరికి తీసుకెళ్లి ఇల్లు కట్టించాడు. అప్పట్నుంచి నర్సు ఎథెల్ ఆబిన్ ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుంది. చలికాలం ఫ్రాన్సులో, మిగతా నెలలు ఇంగ్లండు సముద్రతీరంలో. డెర్బీ ఫ్యాక్టరీకి మాత్రం మళ్లీ వెళ్లలేదు. తన పేరున్న ఫ్యాక్టరీని చూడకుండా ఇరవయ్యేళ్లు!

సరిగ్గా ఆ 1912లోనే మన హైదరాబాద్ కోసం ఒక సిల్వర్ ఘోస్ట్ తయారైంది. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు రాకముందే, 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. లండన్‌లోని బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. అసఫ్‌జాహీల పసుపురంగు, గుమ్మటంలాంటి పైకప్పు, వెనకాల సింహాసనంలా ఎత్తైన సీటు. అందుకే థ్రోన్ కార్ అంటారు. అది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. ఆయన పొదుపు సంగతి తెలిసిందే కదా, ఉత్సవాలకి తప్ప బయటికి తియ్యలేదు. తిరిగిన దూరం కొన్ని వందల మైళ్లు, అంతే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, వెళ్తే చూడొచ్చు. చెడిపోకుండా వేల మైళ్లు తిరగడానికి పుట్టిన యంత్రం అది. మన దగ్గరికొచ్చి పల్లకీ అయిపోయింది. నాకైతే దాని ముందు నిలబడినప్పుడు గుమ్మటం కన్నా బానెట్ ఎత్తి చూడాలనిపించింది. అది కుదరదు లెండి, చుట్టూ తాడు కట్టారు.

ఇండియా రాజులు ఈ కార్లని వందల్లో కొన్నారు. అక్కణ్ణించే వాట్సాప్‌లో తిరిగే కథ వచ్చింది. లండన్ షోరూములో అవమానించారని ఒక రాజు రోల్స్ రాయిస్‌లకి చీపుర్లు కట్టించి చెత్త ఊడ్పించాడట. ఒకసారి అల్వార్ రాజంటారు, ఇంకోసారి భరత్‌పూర్ అంటారు, మరోసారి నిజామే అంటారు. రాజు మారతాడు, చీపుర్లు మారవు. ఆధారం మాత్రం ఎవరూ చూపించలేదు. పేరు బాగా పెరిగిన వస్తువుకి ఇలాంటి కథలు అంటుకుంటాయి. రాయిస్ చనిపోయాడనే దుఃఖంతో కారు మీద ఎర్ర అక్షరాలని నలుపు చేశారన్నది కూడా ఇలాంటిదే. ఆ మార్పు ఆయన బతికుండగానే నిర్ణయమైంది.

ఇక రాయిస్. మంచమ్మీద నుంచే పని. చుట్టుపక్కల ఇళ్లలో నలుగురైదుగురు డిజైనర్లని ఉంచుకుని, డ్రాయింగులు పోస్టులో డెర్బీకి పంపేవాడు. భాగం తయారై, పరీక్షించి, ఫలితాలు మళ్లీ పోస్టులో వచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు విమానం ఇంజను చెయ్యమన్నారు. అలా పుట్టిన ఈగిల్ ఇంజన్లు రెండింటితోనే 1919 జూన్‌లో అల్‌కాక్, బ్రౌన్ అనే ఇద్దరు అట్లాంటిక్‌ని ఎక్కడా ఆగకుండా మొదటిసారి విమానంలో దాటారు. మందులూ కట్లూ మధ్య ఉన్న మనిషి, సరిగ్గా ప్రయాణం కూడా చెయ్యలేనివాడు గీసిన ఇంజను అది.

1917 నుంచి ఆయన ఇల్లు వెస్ట్ విటరింగ్ అనే సముద్రతీరపు పల్లె. మళ్లీ తోట పెంచాడు, పళ్లచెట్లు వేశాడు. ఆర్ అనే రేసు ఇంజను మొదటి రూపాన్ని ఆ ఒడ్డున ఇసకలో చేతికర్రతో గీశాడని అంటారు. అది కథే అయినా ఇంజను మాత్రం నిజం. 1931 సెప్టెంబరులో ఆ ఇంజనున్న విమానం గంటకి 400 మైళ్ల వేగం దాటింది. అప్పటిదాకా ఎవరూ దాటలేదు. అంతకుముందు ఏడాదే ఆయనకి బారోనెట్ బిరుదొచ్చింది.

1933 ఏప్రిల్ 22న వెస్ట్ విటరింగ్‌లో చనిపోయాడు, డెబ్బయ్యో ఏట. చివరి రోజుల్లో కూడా మంచం మీద ఒక కారు భాగానికి స్కెచ్ వేశాడంటారు. చితాభస్మం కొన్నేళ్ల తర్వాత ఆల్వాల్టన్ చర్చికి చేరింది, తండ్రి మిల్లు మునిగిన ఊరికే. ఆయన మొదలుపెట్టించిన పన్నెండు సిలిండర్ల కొత్త విమానం ఇంజను అప్పటికి డెర్బీలో ఇంకా తయారవుతోంది. ఆ అక్టోబరు 15న దాన్ని మొదటిసారి స్టార్ట్ చేశారు. తర్వాత దానికి మెర్లిన్ అని పేరు పెట్టారు.